తంతి శాఖకు పునాది వేసిన వైద్యుడు: సర్ విలియం ఓషానెసీ

యంత్రము మారినపుడెల్ల ఉద్యోగి తిరిగి బడిపిల్లవాడు కావలసివచ్చుట ఈ కంప్యూటరు యుగమునకే వచ్చిన చిక్కని చాలమంది తలతురు. చేతివ్రాత దస్త్రములనుండి టైపు యంత్రమునకు, టైపు యంత్రమునుండి కంప్యూటరునకు మారిన కార్యాలయములలో పనిచేసిన తరములవారికి ఆ శ్రమ బాగుగా తెలియును. నడివయస్సున క్రొత్త మీటలపై వ్రేళ్లు తడబడుటలోని సిగ్గు, తనకంటె పిన్నవానిని అడిగి నేర్చుకొనుటలోని సంకోచము, నేర్చిన పిదప కలుగు తృప్తి, ఇవి సర్కారు కొలువు చేసిన ప్రతి యింటను ఎరిగినవే. కాని ఈ కథ మిక్కిలి పాతది. మన దేశమునందలి ప్రభుత్వశాఖలలో పురాతనములైన వానిలో ఒకటియగు తంతి శాఖ పుట్టుకయే అట్టి యొక మనుష్యుని జీవితముతో ముడివడి యున్నది.

ఆయన చదివినది వైద్యము. బోధించినది రసాయనశాస్త్రము. కొంతకాలము చూచిన కొలువు టంకశాలలో లోహపరీక్ష. పేరు నిలిపినది తంతి. ఇన్ని మార్పులకు లోనైన ఆ వ్యక్తి సర్ విలియం బ్రూక్ ఓషానెసీ. భారతదేశమున మొట్టమొదట తంతి తీగలు నాటించినవాడు ఆయనయే.

ఓషానెసీ పందొమ్మిదవ శతాబ్ది మొదటి దశకమున ఐర్లండులోని లిమరిక్ పట్టణమున జన్మించెను. స్కాట్లండునందలి ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించి 1829లో పట్టము పొందెను. ఆ కాలమున ఎడింబరో వైద్యవిద్యకు ఐరోపాయందంతటను పేరుండెను. అచ్చట ఆయన మనస్సును ఆకర్షించినది మందులు వ్రాసి యిచ్చుటకంటె పదార్థములను విడదీసి అందేమున్నదో కనుగొనుట. విషప్రయోగము జరిగినదని అనుమానము కలిగినపుడు రసాయనపరీక్ష చేసి నిజము తేల్చు విద్య అప్పుడప్పుడే రూపొందుచుండెను. దానియందు ఆయన నైపుణ్యము సంపాదించెను.

పట్టము చేతబట్టుకొని లండను నగరమున ప్రవేశించిన ఆ యువకునికి తలుపులు తెరచుకొనలేదు. ఆ నగరమున వైద్యము చేయవలెనన్న అచ్చటి రాజవైద్యకళాశాలవారి అనుమతిపత్రము కావలెను. ఎడింబరో పట్టము ఎంత గొప్పదైనను అది అందులకు చాలదు. చదివిన చదువు ఉన్నది, చేయుటకు అధికారము లేదు. ఉద్యోగములకై తిరుగు యువకులకు ఈనాడును పరిచితమైన ఆ దుఃస్థితిలో, ఓషానెసీ తన చేతనున్న విద్యలో దేనికి అనుమతిపత్రము అక్కరలేదో దానిని ఎన్నుకొనెను. రసాయనపరీక్షలు చేసి యిచ్చుటకు ఎవరి అనుమతియు పనిలేదు. రక్తము, మూత్రము మొదలగువానిని వైద్యులకొరకు పరీక్షించి యిచ్చుచు ఆయన జీవితము నెట్టుకొని వచ్చెను. పిల్లలు తిను రంగు మిఠాయిలలో సీసము, రాగి, పాదరసముల విషవర్ణములు కలియుచున్నవని పరీక్షించి వైద్యపత్రికలో ప్రకటించెను.

ఆ దినములలోనే ఇంగ్లండునకు మహామారి వచ్చెను. 1831 చివరను కలరా వ్యాధి ఈశాన్యతీరమునందలి సండర్లండు రేవున దిగి ప్రజలను కబళింపజొచ్చెను. ఇరువదియేండ్లు దాటి ఎంతో కాలము కాని ఓషానెసీ ఆ ప్రాంతమునకు పోయి రోగుల రక్తమును పరీక్షించెను. రక్తము చిక్కబడి నల్లబడుచున్నదనియు, అందుండవలసిన నీరును లవణములును శరీరమునుండి వెడలిపోవుచున్నవనియు ఆయన కనుగొనెను. పోయినదానిని తిరిగి రక్తనాళములలోనికి ఎక్కింపవలెనని సూచించెను. 1832లో లీత్ రేవుపట్టణమునందు థామస్ లాటా అను వైద్యుడు ఆ సూచన ననుసరించి మృత్యుముఖమున నున్న రోగులకు ఉప్పునీటిని నరములలోనికి ఎక్కించి కొందరిని బ్రదికించెను. ఈనాడు ప్రతి ఆసుపత్రిలోను మంచము ప్రక్కన వ్రేలాడు సెలైను సీసాకు ఆ పరీక్షలలో మూలమున్నది. అయినను ఆ కీర్తి ఓషానెసీకి లండనులో స్థిరమైన జీవనోపాధిని కల్పింపలేదు.

1833లో ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువున సహాయ శస్త్రవైద్యుడుగా చేరి కలకత్తాకు వచ్చెను. ఆ కాలమున ఐర్లండు, స్కాట్లండు దేశముల విద్యావంతులైన యువకులు స్వదేశమున దొరకని అవకాశమును కంపెనీ సేవలో వెదకుకొనుట పరిపాటి. వచ్చిన రెండేండ్లకే, 1835లో, కలకత్తా వైద్యకళాశాల స్థాపింపబడినపుడు ఓషానెసీకి అందు రసాయనశాస్త్రాచార్య పదవి లభించెను. బెంగాలీ విద్యార్థులకు పాశ్చాత్య వైద్యము నేర్పుటకై ఏర్పడిన ఆ కళాశాలలో ఆయన గురువుగా నుండుటతో తృప్తి చెందక శిష్యుడు కూడ నయ్యెను. ఈ దేశపు ఓషధులను గూర్చి పండితులను, హకీములను, వ్యాపారులను అడిగి తెలిసికొనెను. గంజాయి యొక్క గుణములను ముందు జంతువులపైనను, పిదప జాగ్రత్తతో రోగులపైనను పరీక్షించి, ధనుర్వాతము మొదలైన వ్యాధులలో అది బాధను తగ్గించునని 1839లో ప్రకటించెను. అంతకుముందు ఐరోపా వైద్యులకు అది మందుగా అంతగా తెలియదు. బంగాళమున దొరకు ఔషధద్రవ్యములపై 1842లో ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. 1843లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను.

ఇంతవరకు చెప్పినది ఒక విజయవంతుడైన వైద్యరసాయనికుని చరిత్ర. ఇచ్చటనే ఆగిపోయినను ఆయన పేరు వైద్యచరిత్రలో నిలిచియుండెడిది. కాని రసాయనశాస్త్రము బోధించువాని బల్లమీద బ్యాటరీ యుండును. రసాయనక్రియవలన విద్యుత్తు పుట్టుటను విద్యార్థులకు చూపుచుండిన ఓషానెసీ, ఆ విద్యుత్తు ఎంత దూరము పోగలదు, దేనికి ఉపయోగపడగలదు అని ఆలోచించెను. హుగ్లీనదిలో మునిగి ఓడలకు ఆటంకముగా నున్న ఒక ఓడను 1839లో నీటియడుగున మందుగుండు నుంచి, బ్యాటరీతో దూరమునుండి ప్రేల్చి తొలగించెను. అదే సంవత్సరమున కలకత్తా బొటానికల్ తోటయందు, తోట అధిపతియగు నథానియల్ వాలిక్ సహాయముతో, వెదురుబొంగులు నాటి వానిపై మైళ్లకొలది పొడవుగల ఇనుపతీగను వరుసలు వరుసలుగా కట్టించి తంతి ప్రయోగము చేసెను. నదీజలమును కూడ విద్యుత్తు ప్రవహించు మార్గములో భాగముగా చేసి చూచెను.

ఆ ప్రయోగమున వార్త నందుకొను పద్ధతి ఈనాడు వినుటకు వింతగా నుండును. రెండు కొనలయందును ఒకే వేళను సూచించు గడియారము లుండెను. తీగ వెంట వచ్చిన విద్యుత్తు వ్రేళ్లకు చురుక్కుమని తగిలిన క్షణమున గడియారపు ముల్లు ఎచ్చట నున్నదో చూచి అక్షరమును గ్రహించుట. అందు యంత్రమనదగినది గడియారమొక్కటే. మిగిలినది మనుష్యుని శరీరమే. ఇంగ్లండులో కుక్, వీట్‌స్టన్‌ల తంతి అప్పుడప్పుడే రైలుమార్గము ప్రక్కన పనిచేయుచుండెను. అమెరికాలో మోర్స్ వాషింగ్టను, బాల్టిమోరు నగరములను కలిపినది 1844లో. అనగా కలకత్తా ప్రయోగము ప్రపంచమునందలి తొలి ప్రయోగములతో సమకాలికమైనది.

అయినను పాలకు లెవ్వరును దానిని పట్టించుకొనలేదు. ప్రయోగఫలితములు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చుపడి ఊరకుండిపోయినవి. ఓషానెసీ తన ఉద్యోగమును తాను చేసికొనుచుండెను. సెలవుపై ఇంగ్లండునకు పోయి తిరిగి వచ్చి, కలకత్తా టంకశాలలో లోహపరీక్షకుడుగా పనిచేసెను. వెండిలో ఎంత కల్తీ యున్నదో తేల్చుట ఆ ఉద్యోగము. మిఠాయిలో విషమును, రక్తములో లవణమును తూచిన చేయి ఇప్పుడు నాణెములోని లోహమును తూచుచుండెను. ప్రయోగమునకును, ప్రభుత్వపు అంగీకారమునకును నడుమ పది సంవత్సరములకు పైగా గడచినవి. తెలిసిన క్రొత్త విద్యకు పని చూపువారు లేని ఆ కాలమున ఆయన ఆ విద్యను మరువకుండుటయే గొప్ప విశేషము.

1848లో డల్హౌసీ ప్రభువు గవర్నరు జనరలుగా వచ్చెను. ఇంగ్లండున మంత్రిపదవియందుండి రైలుమార్గముల వ్యవహారములను చూచినవాడగుటచే ఆయనకు క్రొత్త యంత్రములయందు ఆసక్తియుండెను. ఓషానెసీ పాత ప్రయోగమునకు అప్పుడు దశ తిరిగెను. కలకత్తానుండి డైమండ్ హార్బరు వరకు, సుమారు 30 మైళ్లు, ప్రయోగార్థము తంతి నిర్మించుటకు 1850లో అనుమతి లభించెను. సముద్రమునుండి హుగ్లీలోనికి వచ్చు ఓడల వార్త కలకత్తాకు త్వరగా చేరుట వర్తకులకును, ప్రభుత్వమునకును ప్రయోజనకరము. ఆ కార్యము నప్పగించుటకు దేశమున తంతి నెరిగిన ఇంజనీరు లేడు. లోహపరీక్షకుడగు వైద్యుడే ఇంజనీరు కావలసివచ్చెను.

ఆయన ఇంగ్లండు పద్ధతిని యథాతథముగా దింపుకొనలేదు. అచ్చటి సన్నని తీగ ఈ దేశమునకు పనికిరాదని గ్రహించెను. ఇచ్చట తీగపై గ్రద్దలు గుంపులుగా వ్రాలును, కోతులు ఊగులాడును, గాలివానలు వీచును, నేల కూలిన తీగపైనుండి ఎద్దులును ఏనుగులును నడచును. కావున మూడెనిమిదవ వంతు అంగుళపు లావుగల ఇనుపకడ్డీలను ఒకదానికొకటి అతికించి తీగకు బదులుగా వాడెను. వానిని నిలుపుటకు తారు పూసిన వెదురుబొంగులు నాటెను. కొంతమేర భూమిలో పాతి, ఇంటికప్పు పెంకులలో ఇసుకయు, గుగ్గిలమును కరగించి పోసి కడ్డీని కప్పి చూచెను. రెండు పద్ధతులను పోల్చి గాలిలో కట్టుటయే మేలని తేల్చుకొనెను. వార్త నందుకొనుటకు ఇంగ్లండునుండి తెప్పించిన నిలువు సూది యంత్రము ఇచ్చటి వాతావరణమున సరిగా పనిచేయకపోగా, అయస్కాంతపు సూదియు, తీగచుట్టయు గల చిన్న పరికరమును తానే కల్పించెను. సూది కుడికి ఎన్నిమారులు, ఎడమకు ఎన్నిమారులు కదలెనో చూచి అక్షరమును తెలిసికొనవలెను. దానిని ఇచ్చటి పనివారే చేయగలరు. చెడిపోయిన ఇచ్చటివారే బాగుచేయగలరు.

ఆ పనియందు ఆయనకు కుడిభుజముగా నిలిచినవాడు శివచంద్ర నందీ. కలకత్తా టంకశాలలో ఓషానెసీ క్రింద పనిచేయుచుండిన ఈ బెంగాలీ యువకుడు ఇంజనీరింగు పాఠశాల ముఖము చూచినవాడు కాడు. పనిలో దిగి, చూచి, చేసి తంతివిద్యను నేర్చెను. డైమండ్ హార్బరు కొననుండి తొలివార్తను పంపినవాడు అతడే. కలకత్తా కొనను ఓషానెసీ దాని నందుకొనెను. తరువాతి కాలమున నందీ వందలమైళ్ల తంతిమార్గములను నిర్మింపజేసెను. మహానదమగు పద్మానదిని దాటించుటకు పొగయోడ ఖర్చు అధికమగుచున్నదని, జాలరుల పడవలను కూర్చుకొని వానిపైనుండి తీగను నీట దింపించెను. క్రమముగా శాఖలో సహాయ సూపరింటెండెంటు పదవి నధిష్ఠించి రాయ్ బహదూర్ బిరుదము పొందెను. టంకశాలలోని చిన్న కొలువునుండి అంతవరకు ఎదుగుట క్రొత్త విద్య తెచ్చిన అవకాశము. ఆ అవకాశము కొద్దిమంది భారతీయులకే దక్కినదనుటయు, తొలినాటి సిగ్నలర్లలో అధికులు ఐరోపీయులు, ఆంగ్లో ఇండియన్లు ననుటయు చరిత్రలోని సత్యమే.

1852 నాటికి తంతి డైమండ్ హార్బరును దాటి నదీముఖమునందలి ఖెజురి వరకు పొడిగింపబడి 80 మైళ్లు మించెను. ఆ యేడే రెండవ బర్మా యుద్ధము ప్రారంభమైనది. రంగూను కంపెనీ సేనలకు వశమైన వార్తను తెచ్చిన ఓడ ఇంకను నదిలో నుండగనే ఆ వార్త తీగవెంట కలకత్తా చేరెను. డల్హౌసీకి ఇక సందేహము మిగులలేదు. ఓషానెసీని ఇంగ్లండునకు పంపి కంపెనీ డైరెక్టర్ల అనుమతిని సత్వరముగా సంపాదించెను. సామాన్యముగా ఏండ్లకేండ్లు సాగు ఆమోదము ఈమారు స్వల్పకాలములోనే లభించెను.

తంతి సూపరింటెండెంటుగా నియుక్తుడైన ఓషానెసీ ముందుగా చేసిన పనులలో ఒకటి పాఠ్యపుస్తకము వ్రాయుట. క్రింది యుద్యోగులకు, పనివారికి, సిగ్నలర్లకు కావలసిన సూచనలన్నియు కూర్చి 1853లో ఒక కరదీపికను ప్రకటించెను. దేశమున ఎన్నడును లేని ఉద్యోగమునకు మనుష్యులను తయారుచేయవలసియుండెను. తీగ కట్టుట, బ్యాటరీ నింపుట, సూది కదలికను చదువుట, తప్పు ఎచ్చట జరిగినదో వెదకి పట్టుట, ఇవన్నియు వేరొక పనినుండి వచ్చినవారికి మొదటినుండి నేర్పవలెను. తాను కూడ వేరొక పనినుండి వచ్చినవాడగుటచే నేర్చువాని కష్టము ఆయనకు తెలియును.

1853 నవంబరులో కలకత్తానుండి ఆగ్రాకు తంతి నిర్మాణము మొదలయ్యెను. 1854 మార్చి 24వ తేదీనాటికి ఆ 800 మైళ్ల మార్గమున వార్త నడచెను. 1854లోనే తంతిని ప్రభుత్వపు గుత్తాధికారముగా చేయు చట్టము వచ్చెను. 1855 ఫిబ్రవరి 1వ తేదీన ప్రజలకొరకు తంతి కార్యాలయముల తలుపులు తెరచునప్పటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మదరాసు నగరములను, వాయవ్యమున సింధునదిపై నున్న అటకును కలుపుచు 3,050 మైళ్ల మార్గమును, 41 కార్యాలయములును ఏర్పడియుండెను. పని ప్రారంభమై అప్పటికి పదునైదు మాసములు. మైలుకు అయిన ఖర్చు 500 రూపాయలకు కొంచెము మించినది. దారిలో అనేక మహానదులున్నవి. శోణనదిని దాటించిన తీగ పొడవు మూడు మైళ్లు. వంతెనలు లేని దేశమున, అడవులగుండ, సరియైన బాటలు లేని చోట్ల, ఎద్దుబండ్లమీద ఇనుపకడ్డీలను మోయించి ఈ పని జరిగినది.

ఆ తొలి జాలమున కలకత్తానుండి మదరాసుకు పోవు వార్త ఆగ్రా, బొంబాయిల మీదుగా దేశమంతయు చుట్టి పోవలసియుండెను. తూర్పుతీరము వెంట, అనగా నేటి ఆంధ్రప్రదేశ్ కోస్తా జిల్లాలగుండ, కలకత్తా మదరాసులను నేరుగా కలుపు తీగ 1857 తరువాత వచ్చినది. తెలుగునేలపై తంతిస్తంభములు వరుసగా నిలుచుటయు, రేవుపట్టణముల వర్తకులు ధరవరలను దినముల తరబడి వేచియుండక తెలిసికొనుటయు అటుపిమ్మట సంభవించినవి.

1856లో ఓషానెసీకి సర్ బిరుదము లభించెను. దేశమునందంతటను ఆయన కల్పించిన సూది పరికరమే వార్తల నందించుచుండెను. ఆయన వ్రాసిన పుస్తకమే సిగ్నలర్లకు పాఠము. ఏ కార్యాలయమున అడుగిడినను బల్లమీద కనబడునది ఆయన సొంత కల్పనయే. ఆ స్థితిలో నున్నవారు సాధారణముగా క్రొత్తదానిని ఆహ్వానింపరు. తన పేరుతో ముడివడిన పనిముట్టు తీసివేయబడుట తనకే అవమానమని తలతురు. క్రింది యుద్యోగులును, నేర్చినది చాలునని, వారిని బలపరతురు.

కాని అప్పటికి అమెరికాయందును, ఐరోపాయందును మోర్స్ యంత్రము తన శక్తిని నిరూపించుకొనియుండెను. సూదిని కన్నార్పక చూచుచు, దాని కదలికలను ఒకరు చదువగా మరియొకరు వ్రాసికొనుట శ్రమతోను, పొరపాట్లతోను కూడినది. సూది కదలి నిలిచిపోయిన పిదప దాని జాడ యేమియు మిగులదు. మోర్స్ యంత్రము చుక్కలను, గీతలను కాగితపు పట్టీపై ముద్రించును. వార్తకు సాక్ష్యము నిలుచును. వేగమును హెచ్చు. ఓషానెసీ స్వయముగా విదేశములలోని పద్ధతులను పరిశీలించి, పోల్చి, తన పరికరముకంటె మోర్స్ యంత్రమే మేలని నిర్ణయించెను. వెండిని పరీక్షించునపుడు అది ఎవరి నాణెమని చూడనట్లే, యంత్రమును పరీక్షించునపుడు అది ఎవరి కల్పనయని ఆయన చూడలేదు. 1857 ప్రాంతమున భారతదేశపు తంతి కార్యాలయములలో ఓషానెసీ సూదిని తొలగించి మోర్స్ మీటను నెలకొల్పుటకు ఉత్తరువు లిచ్చినవాడు ఓషానెసీయే.

ఆ మార్పు యొక్క భారము ఆయనకంటె సిగ్నలర్లపై ఎక్కువగా పడినదని చెప్పవలెను. రెండు మూడేండ్ల క్రిందట కష్టపడి సూదిభాషను నేర్చినవారు దానిని మరచి చుక్క గీతల భాషను నేర్వవలసివచ్చెను. కంటితో చదువుటకు అలవాటుపడినవారు వ్రేలితో మీటను తాళబద్ధముగా నొక్కుట నేర్వవలెను. తరువాతి కాలమున కాగితపు పట్టీ కూడ పోయి, టకటక శబ్దమును చెవితో విని వ్రాసికొను పద్ధతి వచ్చినపుడు మరల మారవలసివచ్చెను. క్రొత్త యంత్రము వచ్చిన ప్రతిమారును పై అధికారి ఒక సంతకముతో ముగించు పనిని క్రింది యుద్యోగి మాసములతరబడి వ్రేళ్లతో, చెవులతో చేయవలెను. అందుకే శిక్షణ లేని యంత్రము అలంకారప్రాయమే యగునని తంతి శాఖ తొలినాళ్లలోనే తెలిసికొనెను.

ఈ కథలో మరువరాని మరియొక పార్శ్వమున్నది. తంతి ప్రజలకొరకు తెరువబడినను, దానిని కట్టించినది పరదేశప్రభుత్వము తన పాలనను బిగించుకొనుటకు. 1857 మే 11వ తేదీన మీరటు సిపాయిలు ఢిల్లీ ప్రవేశించిన వార్తను ఢిల్లీ తంతి కార్యాలయమునందలి యువసిగ్నలర్లు అంబాలాకు పంపిరి. ఆ వార్త పంజాబు అధికారులను ముందుగానే మేల్కొలిపెను. తిరుగుబాటుదారులు తంతి యొక్క బలమును గుర్తింపకపోలేదు. వందలమైళ్ల తీగను వారు నేలగూల్చిరి. పిట్టలును కోతులును త్రెంపలేని లావు కడ్డీలను మనుష్యులు తెగగొట్టిరి. యంత్రము తనంతట తాను ఎవరి పక్షమును వహింపదు. దానిని చేతబట్టినవాని పనిని వేగిరపరచును. ఓషానెసీ నిర్మాణకౌశలమును మెచ్చువారు ఈ సంగతిని కూడ జ్ఞాపకముంచుకొనుట న్యాయము. మెల్లమెల్లగా అదే తీగ వార్తాపత్రికలకు వార్తలను మోసెను. దేశమునందలి దూరప్రాంతముల ప్రజలు ఒకరి సంగతు లొకరు ఎరుగుటకు, జాతీయోద్యమ వార్తలు ఊరూరికి చేరుటకు తోడ్పడెను.

ఓషానెసీ 1860 ప్రాంతమున భారతదేశమును విడిచెను. 1861లో తన పేరును విలియం ఓషానెసీ బ్రూక్ అని మార్చుకొనెను. వైద్యము, రసాయనము, టంకశాల, తంతి అని ఇన్నింట పేరుపొందినవాని తుది మూడు దశాబ్దములు కీర్తికోలాహలమునకు దూరముగా గడచినవి. 1889 జనవరిలో ఇంగ్లండు దక్షిణతీరమునందలి సౌత్‌సీలో ఆయన కన్నుమూసెను.

ఆయన నాటించిన శాఖ మాత్రము నూరేండ్లకు పైగా పెరుగుచు వచ్చినది. స్వాతంత్ర్యానంతరము తంతి తపాలా శాఖలో తెలుగువారు అనేకులు దేశము నలుమూలల పనిచేసిరి. మోర్స్ మీట ముందు కూర్చుండిన చేతులే పిదప టెలిప్రింటరు మీటలను, అటుపిమ్మట కంప్యూటరును అలవరచుకొనవలసివచ్చెను. తెలుగు ఇండ్లలో ఒకప్పుడు టెలిగ్రాము వచ్చినదన్న మాట వినబడగనే గుండె ఝల్లుమనెడిది. ఉద్యోగపు నియామకమో, ఆప్తుల మరణమో, ఏదో యొకటి ఆ చిన్న కాగితమున వచ్చెడిది. 2013 జూలై 14వ తేదీ రాత్రితో మన దేశమున టెలిగ్రాము సేవ ముగిసినది. ప్రజలకొరకు తెరచినది మొదలు లెక్కించినను అది 158 సంవత్సరములు సాగినది. అందు పనిచేయుచుండినవారు వేరు పనులకు మారవలసివచ్చెను.

శాఖ స్థాపకుని జీవితమును చూచినచో, ఆ మార్పు శాఖకు క్రొత్తది కాదని తెలియును. ఓషానెసీ ఒక కొలువునుండి మరియొక కొలువునకు పోయిన ప్రతిమారును పాత పనిముట్టును వదలివేసెను. కాని పరీక్షించి, తూచి, పోల్చి, కనబడిన సత్యమునకు తలయొగ్గు అలవాటును వదలలేదు. సండర్లండులో రోగి రక్తమును తూచినప్పటి ఆ అలవాటే, పాతికేండ్ల తరువాత, తాను కల్పించిన సూదిని తానే ప్రక్కకు పెట్టించినది. క్రొత్త యంత్రము ముందు కూర్చుండి తడబడు ఉద్యోగికి, పట్టము చేతబట్టుకొని తలుపులు తట్టు యువకునికి ఆయన చరిత్రనుండి దొరకు ధైర్యము అదియే. చేతిలోని పనిముట్టు మారినను, దానితో పనిచేయుటకు నేర్చిన క్రమశిక్షణ మరియొక బల్లవద్దకు వెంటవచ్చును.